తొమ్మిది లక్షల మందికి ఒకే మెసేజ్

ఇంట్లో ఆమెను బొంగరం అంటారు. ఆరేళ్ళప్పుడు అక్క పెట్టిన పేరు. ఒకచోట కుదురుగా కూర్చోలేదని పెట్టింది. నలభై ఆరేళ్ళొచ్చినా ఆ పేరూ పోలేదు, ఆ గుణమూ పోలేదు. ఫోన్ మోగితే లేచి నడుస్తూ మాట్లాడుతుంది. కాఫీ నిలబడే తాగుతుంది. సినిమాకి తీసుకెళితే సగంలో రెండుసార్లు బయటికెళ్ళి వస్తుంది. పదకొండు ఆస్పత్రులున్న ఒక పెద్ద సంస్థలో కంప్యూటర్ల వ్యవస్థ మొత్తం చూసుకునే ఉద్యోగం ఆమెది. ఆ ఉద్యోగానికి కుదురులేనితనమే పనికొచ్చిందని ఆమె భర్త వేళాకోళం చేస్తుంటాడు.

ఆ మంగళవారం మాత్రం ఆమె తిరుగుడుకి కారణం వేరే ఉంది. నాలుగు రోజుల కిందట అక్క మెడలో ఉన్న గడ్డలోంచి సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆమె సంస్థకు చెందిన ఆస్పత్రిలోనే. రిపోర్టు మంగళవారం ఫోన్‌లో యాప్‌లోకి వస్తుందన్నారు. అక్క వయసు యాభై రెండు. ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పుతుంది. గట్టు మీద నిలబడి అరిచిందంటే అవతలి గట్టు దాకా వినపడుతుంది. అలాంటి మనిషి ఆ నాలుగు రోజులూ గొంతు తగ్గించి మాట్లాడింది. బొంగరాన్ని అసలు భయపెట్టింది అదే.

ఉదయం ఎనిమిదింటికే అక్క ఫోన్ చేసింది.

"రిపోర్టు రాలేదే."

"ఇవాళంటే సాయంత్రం దాకా ఇవాళే అక్కా."

"నువ్వు చూడొచ్చుగా? ఆ మెషీన్లన్నీ నీ చేతిలోనే ఉన్నాయంటావుగా."

"మెషీన్లు నా చేతిలో ఉన్నాయి. అందులో ఉన్నవి నావి కావు."

"నీ సొంత అక్క మెడ కూడా నీది కాదా?"

బొంగరం వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరుగుతూ నీళ్ళు నమిలింది. ఉద్యోగంలో చేరిన ఈ పద్నాలుగేళ్ళలో ఆమె ఒక్క రోగి కాగితం కూడా తెరిచి చూడలేదు. ఎదురింటాయన గుండె జబ్బు గురించి వీధంతా చెప్పుకున్నప్పుడూ చూడలేదు, తన అత్తగారు మందులు మానేసి వేసుకుంటున్నానని బొంకినప్పుడూ చూడలేదు. ఒక్కసారి చూస్తే ఇక ఆగనని ఆమెకు తెలుసు. ఆ మాట అక్కకు చెబితే అర్థం కాదు. "సరే, ఆఫీసుకెళ్ళి మాట్లాడతా," అంది. అక్క ఫోన్ పెట్టేసింది. పెట్టేసిన తీరులోనే కోపం తెలిసింది.

ఆఫీసు నాలుగో అంతస్తులో తాళం వేసిన గది ఒకటి ఉంది. చలి, హోరు, పచ్చ దీపాలు. పదకొండు ఆస్పత్రుల రోగుల వివరాలన్నీ అందులోనే ఉంటాయి. ఎవరిది ఏ రక్తం, ఎవరికి ఏ మందు పడదు, ఎవరి పరీక్షలో ఏం తేలింది అన్నీ. సంస్థ సొంత మెషీన్లు, సొంత గది. అంతకుముందు దాన్ని సర్వర్ల గది అనేవారు. నిరుడు నుంచి ప్రైవేట్ క్లౌడ్ అంటున్నారు. గది అదే, తాళం అదే.

నిరుడు డైరెక్టరుగారు ఏదో సదస్సుకి వెళ్ళొచ్చి, అంతా క్లౌడ్‌లోకి వెళ్ళిపోవాలని పట్టుబట్టారు. అందుకోసం బయటినుంచి ఒకాయన్ని తెచ్చారు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, ఒత్తుగా గడ్డం, మాట నెమ్మది. ఆఫీసులో అందరూ ఆయనకు మబ్బులాయన అని పేరు పెట్టేశారు. ఆయన మొదటి రోజే ఈ గది ఖాళీ చేసేద్దామన్నాడు. "మనకెందుకు మేడం ఈ చాకిరీ? పబ్లిక్ క్లౌడ్‌లో పెద్ద కంపెనీల మెషీన్లు కావలసినన్ని అద్దెకు దొరుకుతాయి. కావలసినప్పుడు పెంచుకుంటాం, అక్కర్లేనప్పుడు వదిలేస్తాం."

"రోగుల కాగితాలు గడప దాటవు," అంది బొంగరం.

మూడు నెలలు వాదించుకున్నారు. చివరికి ఒప్పందం కుదిరింది. జనం చూసే యాప్, వెబ్‌సైట్ బయట అద్దె మెషీన్ల మీద, రికార్డులు లోపల గదిలో, రెంటికీ మధ్య ఒక లైను. దాన్ని హైబ్రిడ్ అంటారు. అది ఇద్దరికీ నచ్చని ఏర్పాటు కాబట్టి డైరెక్టరుగారికి బాగా నచ్చింది.

సంతకాలు పెట్టే రోజున ఆమె ఒక ప్రశ్న అడిగింది. "జనం పెరిగితే బయట మెషీన్లు వాటంతటవే పెరుగుతాయి, సరే. లోపల నా రికార్డుల మెషీను పెరగదు కదా. అదొక్కటే కదా."

"బయట రెండు వందల దాకానే పెరగనిద్దాం మేడం. అన్ని కావలసిన రోజు అసలు రాదు," అన్నాడు మబ్బులాయన.

రెండు వందలు ఎక్కువని ఆమెకు అనిపించింది. కానీ అప్పటికే తొమ్మిదో సమావేశం అది. తల ప్రాణం తోకకొచ్చి ఉంది. సంతకం పెట్టేసింది.

మంగళవారం పదిన్నరకు ఆమె తన బల్ల దగ్గర నిలబడి ఉంది. ఫోన్‌లో మెసేజ్‌లు తెరవడం, అక్క ఏమైనా పంపిందేమోనని చూడడం, మూసెయ్యడం. మళ్ళీ తెరవడం. పదీ నలభైకి ఆమె ఫోన్‌కే ఒక మెసేజ్ వచ్చింది, తమ సంస్థ పేరుతోనే. రక్తపోటు మాత్రల్లో ఒక బ్యాచ్‌ను తయారీదారు వెనక్కి తీసుకుంటున్నాడు, మీకు ఇచ్చిన మాత్రలు అవేనేమో మా యాప్‌లో వెంటనే చూసుకోండి అని.

"ఇదెవరు పంపారు?" అని గట్టిగానే అడిగింది.

రెండు బల్లల అవతల మబ్బులాయన తలెత్తాడు. "ఏది మేడం?"

ప్రచార విభాగం పంపింది. ఇప్పటివరకు ఆ ఆస్పత్రుల్లో ఏదో ఒక రోజు అడుగుపెట్టిన ప్రతి ఒక్కరికీ పంపింది. తొమ్మిది లక్షల మందికి, ఒకే నిమిషంలో. కంప్యూటర్ల వాళ్ళకొక మాట చెబుదామని ఎవరికీ తోచలేదు.

గోడ మీద పెద్ద తెర ఉంది. అందులో బయటి మెషీన్ల సంఖ్య మామూలుగా ఎనిమిది ఉంటుంది. పదీ నలభై మూడుకి ముప్పై అయింది. నలభై ఆరుకి డెబ్భై.

"చూశారా, ఎలా పెరుగుతున్నాయో!" అన్నాడు మబ్బులాయన. ఆయన గొంతులో గర్వం దాగలేదు. ఏడాది పాటు కట్టింది కళ్ళముందు పని చేస్తుంటే ఎవరికి ఉండదు?

బొంగరం ఆ అంకె చూడడం లేదు. ఆమె కళ్ళు కిందనున్న చిన్న గీత మీదున్నాయి. లోపలి గదిలోని రికార్డుల మెషీను ఒకేసారి ఎనిమిది వందల మందితో మాట్లాడగలదు. బయట పుట్టిన ప్రతి కొత్త మెషీనూ వచ్చీ రాగానే దాని దగ్గర పది లైన్లు పట్టుకు కూర్చుంటుంది. ఆ లెక్కన ఎనభై మెషీన్లతో దారులన్నీ నిండిపోతాయి. ఆ తరువాత ఎవరొచ్చినా నిలబడాల్సిందే. యాప్ తెరిచిన వాళ్ళే కాదు, ఆస్పత్రి వార్డుల్లో కంప్యూటర్ల ముందున్న డాక్టర్లు, నర్సులు కూడా. అందరిదీ అదే మెషీను.

యాభై ఒకటికి బయట నూట పది. రికార్డుల మెషీను గీత పైకి పోయి, ఇక పోవడానికి చోటులేక అక్కడే అడ్డంగా నిలిచిపోయింది. ఆమె బల్ల మీది తీగలేని ఆఫీసు ఫోన్ మోగింది.

"మేడం, ఎమర్జెన్సీ వార్డు నర్సుని. స్క్రీను తిరుగుతూనే ఉంది. ఒకాయన్ని స్పృహ లేకుండా తెచ్చారు, ఒళ్ళు కాలిపోతోంది. వెంట ఎవరూ లేరు. జేబులో మన ఆస్పత్రి కార్డుంది. ఆయనకి ఏ మందు పడదో చూడాలి. ఇంజక్షన్ చేతిలో పట్టుకున్నాం."

"ఎంతసేపు ఆగగలరు?"

"డాక్టరుగారు పది నిమిషాలంటున్నారు. ఆ తరవాత ఏదైతే అదవుతుందని ఇచ్చేస్తామంటున్నారు."

బొంగరం ఫోన్ పట్టుకునే కిటికీ దాకా నడిచి, వెనక్కి వచ్చింది. "పెట్టెయ్యకండి, లైన్లోనే ఉండండి," అని రెండో చేత్తో సొంత ఫోన్ తీసి డైరెక్టరుగారికి స్పీకరు మీద కలిపింది. ఆయన ఊళ్ళో లేరు. ఏదో విమానాశ్రయంలో ఉన్నారు, వెనక ప్రకటనలు వినపడుతున్నాయి.

"మెషీన్లు చాలకపోతే పెంచండి. అందుకే కదా ఆ క్లౌడు," అన్నారాయన.

"పెంచబట్టే ఇలా అయిందండీ. బయట ఎంత పెంచితే లోపల అంత నలుగుతోంది. బయటి దారి మూసెయ్యాలి."

"ఏం మాట్లాడుతున్నారు మీరు? తొమ్మిది లక్షల మందిని రమ్మని పిలిచి మొహం మీద తలుపేస్తారా? రేపు పేపర్లలో ఏం రాస్తారో తెలుసా?"

ఆమె మబ్బులాయన వైపు చూసింది. ఆయన ఇంకా తెర చూస్తున్నాడు. నూట నలభై. పెరిగిన ప్రతి మెషీనుతో పాటు జవాబు రావడానికి పట్టే సమయం కూడా పెరుగుతోంది. ఆయన మొహంలో గర్వం ఎప్పుడు పోయిందో పోయింది. "ఆవిడ చెప్పింది నిజమే సార్," అన్నాడు చివరికి, ఎంతో కష్టం మీద. "మనం వార్డుల్ని తొక్కేస్తున్నాం."

"నేను వచ్చాక మాట్లాడదాం. అప్పటిదాకా ఏదీ మూయొద్దు," అన్నారు డైరెక్టరుగారు.

"మూస్తున్నానండీ," అంది బొంగరం.

కుర్చీ లాక్కోలేదు, నిలబడే వంగి నాలుగు వరసలు టైపు చేసింది. చివరి మీట నొక్కే ముందు ఒక్క క్షణం వేళ్ళు ఆగాయి. ఆ దారిలోంచే రిపోర్టులు కూడా వెళతాయి. ఆ పూట రిపోర్టు కోసం ఫోన్లు పట్టుకుని కూర్చున్న వాళ్ళందరికీ ఇప్పుడు ఖాళీ తెర కనిపిస్తుంది. అందులో ఒక ఫోన్ ఎవరి చేతిలో ఉందో ఆమెకు బాగా తెలుసు.

నొక్కింది.

గీత వెంటనే దిగలేదు. అప్పటికే లోపలికి చొచ్చుకొచ్చిన అభ్యర్థనలు ఒక్కొక్కటే తీరాలి. ఒక నిమిషం. రెండు. ఆమె బల్లకీ తలుపుకీ మధ్య ఎన్నిసార్లు నడిచిందో లెక్కలేదు. నాలుగో నిమిషంలో ఫోన్లోంచి నర్సు కేక వినిపించింది. "వచ్చింది మేడం, వచ్చింది! పెన్సిలిన్ పడదు ఈయనకి." ఆ తరువాత దూరంగా ఎవరితోనో, "అది పక్కన పెట్టెయ్యండి, వేరేది తీయండి," అన్న మాట. లైన్ కట్టయింది.

బొంగరం బల్ల అంచు పట్టుకుంది.

మబ్బులాయన ఆమె పక్కకొచ్చాడు. "మేడం, మాత్రల సంగతి చూడ్డానికి అసలు రికార్డులెందుకు? బ్యాచ్ నంబరు అట్ట వెనకే ఉంటుంది. నంబర్ల జాబితా ఒక మామూలు పేజీలో పెట్టేద్దాం. పూర్తిగా బయటే ఉంటుంది, మన గదితో పని లేదు. ఎన్ని లక్షల మంది వచ్చినా ఫరవాలేదు, అక్కడ ఎన్ని మెషీన్లు పెరిగినా మనకి దెబ్బ లేదు."

"ఎంతసేపు పడుతుంది?"

"ఇరవై నిమిషాలు."

"పదిహేనులో చెయ్యండి."

పదిహేడులో చేశాడు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి నాలుగు లక్షల మంది ఆ పేజీ చూసి, అట్ట తిప్పి చూసుకుని, తమ దారిన తాము పోయారు. ఆ పేజీ ఒక్కసారి కూడా తడబడలేదు. ఏడాదిగా ఆయన చెబుతున్న మాటల్లో నిజమెంతుందో బొంగరానికి ఆ రోజు కళ్ళారా కనిపించింది. ఆ సంగతి ఆయనతో అనలేదు, కానీ తన కాఫీ కప్పుతో పాటు ఆయనకీ ఒకటి తెచ్చి పెట్టింది.

రిపోర్టుల దారి మాత్రం ఉన్నపళంగా తెరవడానికి లేదు. తెరిస్తే ఆగి ఉన్నవాళ్ళంతా ఒక్కుమ్మడిగా పడతారు. కొద్దికొద్దిమందిని వదిలేలా వరస కట్టే ఏర్పాటు చెయ్యాలి. దానికి సాయంత్రం అవుతుంది.

మూడింటికి కింద రిసెప్షన్ నుంచి కబురొచ్చింది, మీ అక్కగారొచ్చారని. బొంగరం మెట్లన్నీ దిగి పరిగెత్తింది. అక్క నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టు ఇంకా తడిగా ఉంది, కొలను నుంచి తిన్నగా వచ్చేసినట్టుంది.

"యాప్ మూసేశారట. ఎవరు మూశారు?"

"నేనే."

"నువ్వా?"

"నేనేనక్కా."

అక్క తిడుతుందని బొంగరం అనుకుంది. తిట్టలేదు. "పొద్దున్నించీ పిల్లల్ని నీళ్ళల్లో దింపి వాళ్ళని చూడకుండా ఫోన్ చూస్తున్నానే. ఒకడు ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గుతుంటే పక్కవాళ్ళు చెబితే తెలిసింది. ఇక లాభం లేదని పంపించేశా. పైకెళ్ళి చూసిరా. ఒక్క నిమిషం పని నీకు. నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా."

బొంగరం పైకెళ్ళింది. గది తాళం తీసి లోపలికెళ్ళింది. రికార్డుల మెషీను ముందు నిలబడింది. పని మీద అక్కడికి వచ్చినట్టే వచ్చింది. అక్క కార్డు నంబరు ఆమెకు నోటికొచ్చు. టైపు చేసింది. ఒక వరస కనిపించింది. తేదీ, పరీక్ష పేరు, పక్కన 'సిద్ధం' అన్న మాట. దాని మీద నొక్కితే చాలు. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. నొక్కాక కిందికి దిగాలి. మెట్లు దిగుతుంటే మొహం ఎలా పెట్టుకోవాలి? మంచిదైతే సరే. కాకపోతే ఆ కబురు అక్కకు చెప్పాల్సింది డాక్టరా, తనా? పక్కన వివరం చెప్పే మనిషి లేకుండా, ప్లాస్టిక్ కుర్చీలో?

నొక్కకుండానే తెర మూసేసి బయటికొచ్చింది. రిపోర్టు తెరవలేదు గానీ, సిద్ధంగా ఉందని చూసింది. ఆ మేరకు తన పద్నాలుగేళ్ళ నియమం తప్పింది. ఆ సంగతి తరువాత రాతపూర్వకంగా తనే ఒప్పుకుంది.

మబ్బులాయన దగ్గరికెళ్ళింది. "నేనొక గంట బయటికెళ్ళాలి. మీరు చూసుకోగలరా?"

ఆయన వింతగా చూశాడు. ఏదైనా ప్రమాదం మధ్యలో ఉండగా ఆమె గడప దాటడం ఎవరూ ఎరగరు. "వెళ్ళండి మేడం," అన్నాడు. ఎందుకని అడగలేదు.

అక్కను తీసుకుని బయల్దేరింది. ఆస్పత్రి రెండు వీధుల అవతలే, అక్కడి కౌంటరులో రిపోర్టు కాగితం మీద ఇస్తారు. యాప్ మూతపడ్డందుకు రిపోర్టుల కౌంటరు ముందు ముప్పై నలభై మంది వరస కట్టి ఉన్నారు. అక్కాచెల్లెళ్ళు చివర్న నిలబడ్డారు. ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి, "పొద్దున పదకొండింటికి వస్తుందన్నారమ్మా. ఎవడో మూసేశాడట. వాడి చేతులు పడిపోను," అన్నాడు.

"వాడు కాదండీ, ఆవిడ," అంది అక్క.

బొంగరం ఆమె మోచేతిని గట్టిగా గిల్లింది.

"మీకెలా తెలుసు?" అన్నాడు ముసలాయన.

"అలా అనుకుంటుంటే విన్నా. మహా మొండిదట," అంది అక్క. నాలుగు రోజుల తరువాత ఆమె గొంతు మామూలుగా పలికింది. బొంగరానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

వరస ఒక్కో అడుగే జరుగుతోంది. ఒకామె చంకలో పిల్లాడితో, ఒకాయన చెయ్యి కట్టుతో. వీళ్ళందరినీ తనే నిలబెట్టింది. తెర మీద అంకెలుగా చూసినప్పుడు ఆ బరువు తెలియలేదు. ఇంకోసారైనా అదే పని చేస్తుంది, అందులో ఆమెకు అనుమానం లేదు. కానీ ముసలాయన కాళ్ళు నొప్పిపుట్టి గోడకానుకున్నప్పుడు ఆమె వెళ్ళి ఎక్కడినుంచో ఒక కుర్చీ తెచ్చి వేసింది.

నలభై నిమిషాలకు కాగితం చేతికొచ్చింది. అక్క విప్పలేదు. మడత మీదే పట్టుకుని డాక్టరు గదికి నడిచింది.

డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి, మెల్లగా చెప్పింది. క్యాన్సరే. థైరాయిడ్ గ్రంథిలో. చికిత్సకు చాలావరకు మాట వినే రకం, తొందరగానే బయటపడింది. గ్రంథి తీసేయాలి, ఆ తరువాత జీవితాంతం రోజూ ఒక మాత్ర.

అక్క బల్ల మీదున్న పెన్నుల గ్లాసు వైపు చూస్తూనే, "గొంతు పోతుందా?" అని అడిగింది.

"కొన్ని వారాలు బొంగురుపోవచ్చు. సాధారణంగా తిరిగొస్తుంది."

"సాధారణంగా అంటే?"

"ఖచ్చితంగా అని నేను చెప్పకూడదండీ."

అక్క తలూపింది. బల్ల కింద చెల్లెలి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. ఆ పట్టుకి వేళ్ళు నొప్పెట్టాయి.

మర్నాడు డైరెక్టరుగారు వచ్చారు. పెద్ద సమావేశం జరిగింది. ఆమె జరిగిందంతా దాచకుండా చెప్పింది. రెండు వందల పరిమితి మీద తన సంతకం ఉందని చెప్పింది, రికార్డుల్లో అక్క పరీక్ష వరస చూశానని కూడా చెప్పింది. మాట వినలేదని ఒక మెమో, రికార్డు వెతికినందుకు ఇంకో మెమో చేతికిచ్చారు. ప్రచార విభాగానికి ఏ మెమో లేదు. ఎమర్జెన్సీ వార్డు డాక్టరుగారు ఆమెను సమర్థిస్తూ మూడు వాక్యాల ఉత్తరం పంపారు. డైరెక్టరుగారు దాన్ని చదివి, మెమోలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. "అది వేరు, ఇది వేరు," అన్నారు.

కానీ ఆ వారమే పని మొదలైంది. వార్డుల కోసం రికార్డులకు ఇంకో నకలు, దానికి వేరే మెషీను, జనం తాకిడి దాని దాకా రాకుండా. బయట ముప్పైకి మించి పెరగకుండా పరిమితి. జనం ఎక్కువైతే వరస కట్టి, మీ వంతు ఇన్ని నిమిషాల్లో అని చెప్పే పేజీ. బొంగరం, మబ్బులాయన ఒకే బల్ల మీద రెండు కంప్యూటర్లు పెట్టుకుని రోజూ పోట్లాడుకుంటూ కట్టారు. నకలు బయట పెడదామని ఆయన, లోపలేనని ఆమె. ఈసారి మూడు నెలలు పట్టలేదు. పేర్లు, చిరునామాలు తీసేసిన సగం బయటికెళ్ళింది, మిగతాది లోపలుంది.

అక్క ఆపరేషను మూడు వారాల తరువాత గురువారం ఉదయం జరిగింది. బావ కుర్చీలో కళ్ళు మూసుకు కూర్చున్నాడు. బొంగరం వరండా ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది. ఊడ్చేవాడు రెండుసార్లు ఆమె కోసం చీపురు ఆపాడు. పదకొండున్నరకు డాక్టరమ్మ బయటికొచ్చి గడ్డ మొత్తం తీసేశామని చెప్పింది. పక్కనున్న ఒక లింఫు గ్రంథిలోకి కూడా పాకిందట, దాన్నీ తీశారట. ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించుకోవాలి. అంటే ఆర్నెల్లకో రిపోర్టు, ఆర్నెల్లకోసారి ఈ ఎదురుచూపు. ఇక అది అలవాటు చేసుకోవాల్సిందే.

అక్కను గదిలోకి తెచ్చారు. మెడ చుట్టూ తెల్ల కట్టు, మొహం పాలిపోయి ఉంది. ఏదో అనబోయింది, గాలి తప్ప రాలేదు. బొంగరం ఆమె నుదుటి మీద చెయ్యి వేసి, "మాట్లాడకు," అంది. అంతలో జేబులో ఫోన్ మోగింది. మబ్బులాయన. ఆ పొద్దున కొత్త ఏర్పాటు మీదికి ఉత్తుత్తి జనాన్ని వదిలి పరీక్షిస్తానన్నాడు. లక్ష, రెండు లక్షలు, అలా పెంచుకుంటూ.

తీయాలా వద్దా అని చూసింది. అక్క కళ్ళతోనే తియ్యమంది.

"చెప్పండి."

"మూడు లక్షల పదివేల దగ్గర పడిపోయింది మేడం. వార్డులు మాత్రం చెక్కుచెదరలేదు."

"పడితే పడనీండి, పరీక్షలోనే పడింది కదా. ఎక్కడ పడింది?"

"అదే తెలీడం లేదు. మీ అక్కగారెలా ఉన్నారు?"

"బాగానే ఉంది, మాట రావట్లేదు," అంటూనే ఆమె వరండాలోకి నడిచింది. "మొదట ఏ గీత పైకి లేచిందో చెప్పండి. ఆగండి, కాగితం తెచ్చుకుంటా."